'బెటర్' చాటున దాక్కున్న 'కంటే'

మా నాన్న ఐసీయూలో ఉన్న మూడో రోజు పొద్దున, డ్యూటీ డాక్టరు తలుపు సగం తీసి 'హి ఈజ్ బెటర్' అని చెప్పి మళ్ళీ లోపలికి వెళ్ళిపోయాడు. ఆ మూడు మాటల కోసమే రాత్రంతా వరండాలో కూర్చుని ఉన్నాం. మా బాబాయి వెంటనే ఫోను తీసి అత్తకీ, మా అన్నయ్యకీ, ఊళ్ళో పక్కింటివాళ్ళకీ ఒకటే వార్త చెప్పాడు: 'అన్నయ్యకి నయమైందట.' మధ్యాహ్నానికల్లా అత్త బస్సు దిగింది. నాన్నకి ఇంటికెళ్ళేటప్పుడు కట్టుకోవడానికని తెల్లపంచె, చొక్కా ఇస్త్రీ చేయించి సంచిలో పెట్టుకొచ్చింది. ఆ బట్టలు ఇంకో పదకొండు రోజులు ఆ సంచిలోనే ఉండిపోయాయి.

డాక్టరు అబద్ధం చెప్పలేదు, బాబాయీ చెప్పలేదు. మధ్యలో ఒక్క మాట దాక్కుంది, అంతే. దాన్ని పట్టుకున్నది మా అమ్మ. సాయంత్రం రౌండ్స్‌కి వచ్చిన డాక్టర్ని ఆపి, 'నిన్నటి మీద నయమా బాబూ, మొత్తానికే నయమైందా?' అని అడిగింది. ఆయన ఒక్క క్షణం ఆగి, 'నిన్నటి మీద నయం అమ్మా' అన్నాడు.

నేను ఇంగ్లిషు పాఠాలు చెప్పి బతికేవాణ్ణి. గుడ్, బెటర్, బెస్ట్ అని బోర్డు మీద ఎన్ని వందల సార్లు రాశానో లెక్కలేదు. కానీ 'బెటర్' అనే మాటలో అసలు చిక్కు ఎక్కడుందో ఆ రోజు అమ్మ అడిగిన ప్రశ్నతోనే నాకు పూర్తిగా తెలిసొచ్చింది.

పోలిక చెప్పే పద్ధతిలోనే ఇంగ్లిషుకీ తెలుగుకీ తేడా ఉంది. 'రాముడి కంటే సీత పొడుగు' అంటాం. ఇందులో 'పొడుగు' అనే మాట ఏమీ మారలేదు. మామూలుగా ఎలా ఉంటుందో అలాగే ఉంది. పోలిక బరువంతా 'కంటే' మోస్తోంది, అది రాముడి పక్కన నిలబడి ఉంది. అంటే, దేనితో పోలుస్తున్నామో దాని మీదే తెలుగు గుర్తు పెడుతుంది. ఇంగ్లిషు చేసేది దీనికి తలకిందులు. టాల్ అనే విశేషణాన్ని టాలర్ అని మారుస్తుంది. గుర్తు విశేషణం మీదే పడిపోయింది కాబట్టి, ఆ తర్వాత 'దాన్ రామ' అని చెప్పినా చెప్పకపోయినా వాక్యం నిలబడుతుంది. 'సీత ఈజ్ టాలర్' అని ఆపేయొచ్చు. తెలుగులో 'రాముడి కంటే' తీసేస్తే మిగిలేది 'సీత పొడుగు'. పోలిక ఆవిరైపోయింది.

డాక్టరు తలుపు దగ్గర చేసింది అదే. 'బెటర్' అన్నాడు, 'దాన్ యెస్టర్‌డే' మింగేశాడు. ఇంగ్లిషులో అది తప్పు కాదు, రోజూ అందరూ చేసే పనే. బాబాయి దాన్ని తెలుగులోకి తెచ్చేటప్పుడు 'కంటే' కనపడలేదు కాబట్టి పోలిక లేని మాటగానే తెచ్చాడు.

మన పూర్వులకి ఈ 'కంటే' ఎంత ముఖ్యమో తెలుసు. 'వలనన్, కంటెన్, పట్టి' పంచమీ విభక్తి అని చిన్నప్పుడు అందరం వల్లించినవాళ్ళమే. ఆ మాట పుట్టుక కూడా చూడ ముచ్చటగా ఉంటుంది. తిను – తింటే, విను – వింటే, కను – కంటే. కనడం అంటే చూడడం. 'వాణ్ణి చూస్తే వీడే నయం' అని ఇవాళ్టికీ అంటాం కదా, 'కంటే'లో ఉన్నదీ ఆ చూపే. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడే తెలుగులో పోలిక పుడుతుంది.

దీనికి నన్నయ పద్యం కన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. ఆదిపర్వంలో శకుంతల, తనని ఎరగనంటున్న దుష్యంతుడికి నిండుసభలో సత్యం విలువ చెబుతుంది. మంచినీళ్ళున్న నూరు నూతుల కంటే ఒక దిగుడుబావి మేలు, నూరు బావుల కంటే ఒక యజ్ఞం మేలు, నూరు యజ్ఞాల కంటే ఒక కొడుకు మేలు, చివరికి 'సుత శతకంబు కంటె నొక సూనృత వాక్యము మేలు చూడగన్', అంటే నూరుగురు కొడుకుల కంటే ఒక సత్యవాక్యం మేలు. నాలుగు మెట్లు, ప్రతి మెట్టుకీ ఒక 'కంటె', ఒక 'మేలు'. ఏ 'మేలూ' ఒంటరిగా లేదు. పద్యం ఆగిన చివరి మాట 'చూడగన్' కావడం నాకు ఎప్పుడు చదివినా ఒళ్ళు పులకరింపజేస్తుంది.

ఇక బెటర్ దగ్గరికి వద్దాం. గుడ్‌కి గుడర్ అని రావాలి కదా, బెటర్ ఎందుకొచ్చిందని ఏటా ఒక పిల్లవాడైనా అడుగుతాడు. న్యాయమైన ప్రశ్న. గుడ్, బెటర్ ఒక తల్లి పిల్లలు కావు. రెండు వేర్వేరు వేళ్ళ నుంచి వచ్చి ఒకే కుటుంబంలో సర్దుకున్నాయి. బెటర్‌కి అసలు చుట్టాలు జర్మన్‌లో బెసర్, డచ్చిలో బేటర్. ప్రాచీన ఆంగ్లంలో ఇదే కుదురు నుంచి 'బోట్' అనే మాట ఉండేది. దాని అర్థం సాయం, ఉపశమనం, రోగానికి విరుగుడు. అంటే బెటర్ వేరులోనే నయం కావడం ఉంది. మన 'నయం' కూడా అంతే: 'జ్వరం నయమైంది' అన్నా అదే మాట, 'దానికన్నా ఇది నయం' అన్నా అదే మాట. ఏ సంబంధమూ లేని రెండు భాషలు, రోగం తగ్గడాన్నీ ఒకదానికన్నా ఒకటి మెరుగ్గా ఉండడాన్నీ ఒకే మాటలో కలిపేశాయి. నిన్నటికీ ఇవాళ్టికీ తేడాని మనిషి అందరికన్నా ఆత్రంగా చూసుకునేది జబ్బు మంచం దగ్గరే కదా, అందుకే అయ్యుంటుంది అనుకుంటాను.

మొదటి మాట ఒకటీ తర్వాతి మాట వేరొకటీ కావడం ఇంగ్లిషు ఒక్కదాని వింత కాదు. సంస్కృతంలో 'ప్రశస్య' (మెచ్చదగిన) అనే మాటకి తర్వాతి మెట్టు 'శ్రేయస్', ఆ పై మెట్టు 'శ్రేష్ఠ'. 'ప్రశస్యస్య శ్రః' అని పాణిని దీనికి విడిగా ఒక సూత్రమే రాశాడు. అంటే మనం 'నీ శ్రేయస్సు కోరి చెబుతున్నా' అనేటప్పుడు వాడుతున్నది వ్యాకరణం ప్రకారం 'బెటర్' అనే మాటే. గీతలో 'శ్రేయాన్ స్వధర్మో' అన్నచోట అది పోలికగానే ఉంది, పరధర్మం కంటే స్వధర్మం మేలని. తెలుగులోకి వచ్చేసరికి పోలిక కరిగిపోయి ఒట్టి మంచిగా మిగిలింది. టీవీలో వాతావరణం చెప్పేటప్పుడు వినే గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు, పెళ్ళిపత్రికల్లో జ్యేష్ఠ పుత్రుడు, కులగురువు వసిష్ఠుడి పేరు, అన్నీ 'బెస్ట్' వరసవే. అసలు 'తారతమ్యం' అనే మాటే చూడండి. గురుతర, గురుతమ అన్నప్పుడు చివర వచ్చే 'తర' (బెటర్ వరస), 'తమ' (బెస్ట్ వరస) ప్రత్యయాలు రెండూ కలిసి ఒక మాటైపోయాయి. 'పెద్దాచిన్నా తారతమ్యం లేదా' అని పిల్లల్ని కోప్పడేటప్పుడు మనం ఒక వ్యాకరణ పాఠాన్నే వాళ్ళ మీదకి విసురుతున్నాం.

హైదరాబాదులో పెరిగినవాళ్ళకి ఇంకో మాట గుర్తొస్తుంది: బెహతర్. ఉర్దూలో మెరుగు అని. వినడానికి బెటర్‌లాగే ఉంటుంది, అర్థమూ అదే, కాబట్టి ఇంగ్లిషు మాట అక్కణ్ణించే వచ్చిందని నాతో వాదించినవాళ్ళున్నారు. అది కాకతాళీయం. బెహతర్ పారసీ మాట, 'బెహ్' వేరు, 'తర్' ప్రత్యయం. ఆ 'తర్' మన 'గురుతర'లోని 'తర'కి తోబుట్టువు. ఇందులో ఇంకో విశేషముంది. 'బెహ్' అనేదే పాత ఇరానీ భాషల్లో 'మెరుగైన' అనే మాట. జనం ఆ సంగతి మరిచిపోయి దానికి మళ్ళీ 'తర్' చేర్చారు. అంటే బెహతర్ పుట్టుకతోనే 'మోర్ బెటర్'.

'మోర్ బెటర్' అన్నాను కాబట్టి దాని సంగతీ చూద్దాం. మన పిల్లలు ఎక్కువగా తిట్లు తినేది ఈ మాట మీదే. తప్పు తప్పే, ఇవాళ్టి ఇంగ్లిషు దాన్ని ఒప్పుకోదు. కానీ పిల్లవాడు తెలివితక్కువ వల్ల అలా అనలేదు. వాడి మనసులో ఉన్నది 'ఇంకా బెటర్'. 'ఇంకా' అనే మాటకి తెలుగులో చాలా పనులున్నాయి. 'ఇంకా అన్నం పెట్టు' అంటే మోర్, 'ఇంకా రాలేదు' అంటే యెట్, 'ఇంకా బాగుంది' అంటే ఈవెన్. వాడు మూడింటిలో మొదటిది తీసుకున్నాడు, కావలసింది మూడోది. 'ఈవెన్ బెటర్' అని ఒక్కసారి అందిస్తే పట్టేసుకుంటాడు. బెటర్ ముందు మచ్, ఫార్, ఈవెన్, ఎ లిటిల్ నిలుస్తాయి. వెరీ నిలవదు, మోర్ నిలవదు. బెటర్‌లో 'మోర్' అప్పటికే కలిసి ఉంది మరి. షేక్‌స్పియర్ నాటకాల్లో 'మోర్ బెటర్' ఉందనీ, 'మోస్ట్ అన్‌కైండెస్ట్' ఉందనీ చెబితే క్లాసు ఒక్కసారిగా నిటారుగా కూర్చుంటుంది. నాలుగు వందల ఏళ్ళ కిందట అది తప్పు కాదు, నొక్కి చెప్పడం. తర్వాత వ్యాకరణవేత్తలు దాన్ని తోసిపుచ్చారు.

బెటర్‌ని మనం అరువు తెచ్చుకుని తెలుగులో ఎలా వాడుతున్నామో కూడా గమనించాలి. 'పొద్దున్నే బయల్దేరితే బెటర్', 'డాక్టరుకి చూపిస్తే బెటర్'. ఇక్కడ దేని కంటే? దేని కంటే కాదు. ఇంతకుముందు 'మంచిది' ఉన్న చోట బెటర్ వచ్చి కూర్చుంది: 'బయల్దేరితే మంచిది.' తెలుగు దాన్ని పూర్తిగా సొంతం చేసేసుకుంది, అందులో నాకేమీ అభ్యంతరం లేదు. ప్రమాదం ఎప్పుడంటే, అదే కొలతతో తిరిగి ఇంగ్లిషులోకి వెళ్ళినప్పుడు.

నా దగ్గర చదువుకున్న ఒక అబ్బాయి హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. అమెరికాలో ఉన్న క్లయింటుకి మెయిల్ పెట్టాడు, ఫైలు శుక్రవారం లోపు పంపితే మంచిదని. అతను రాసిన వాక్యం: 'యూ హ్యాడ్ బెటర్ సెండ్ ద ఫైల్ బై ఫ్రైడే.' వ్యాకరణం వెతికినా తప్పు దొరకదు. రెండు రోజుల తర్వాత మేనేజరు పిలిచి, క్లయింటుతో అలాగేనా మాట్లాడేది అని అడిగాడు. అబ్బాయి లాప్‌టాప్ పట్టుకుని ఆదివారం మా ఇంటికొచ్చాడు. 'సార్, గ్రామర్ పుస్తకంలో హ్యాడ్ బెటర్ అంటే సలహా అని ఉంది కదా' అన్నాడు. కళ్ళల్లో నీళ్ళున్నాయి. ఆ వాక్యం నేను నేర్పిందే.

హ్యాడ్ బెటర్ సలహానే. కానీ 'చెయ్యకపోతే చూసుకో' అనే బెదిరింపు దాని వెనకాలే ఉంటుంది. షుడ్ కన్నా గట్టిది, మస్ట్‌కి దగ్గర. తెలుగులో దానికి సరిగ్గా సరిపోయేది 'మంచిది' కాదు, 'మర్యాదగా' అనే మాట. 'మర్యాదగా ఫైలు పంపించు.' నిజంగా మర్యాద ఉంటే ఆ మాట అక్కర్లేదని మనందరికీ తెలుసు. 'వాన వచ్చేలా ఉంది, ఐ హ్యాడ్ బెటర్ గో' అని నా గురించి నేను అనుకుంటే ఏ ఇబ్బందీ లేదు. అమ్మ పిల్లాడితో అనొచ్చు. స్నేహితుడితో చనువు కొద్దీ అనొచ్చు. క్లయింటుతో, పై అధికారితో, పెద్దవాళ్ళతో అనకూడదు. వాళ్ళతో 'ఇట్ వుడ్ బి బెటర్ ఇఫ్' అని మొదలుపెడితే అదే బెటర్ మెత్తబడుతుంది, మన 'పంపితే బాగుంటుందండీ' అన్నంత సాఫీగా ఉంటుంది. ఇందులో 'హ్యాడ్' అన్నది జరిగిపోయిన కాలం కాదనీ, ఎదర జరగాల్సిన పని గురించేననీ మాత్రం పిల్లలకి ముందే చెప్పేయాలి. మాట్లాడేటప్పుడు ఆ హ్యాడ్ సగం నోట్లోనే ఉండిపోయి 'యూ బెటర్' అని వినిపిస్తుంది. అప్పుడది ఇంకా కటువుగా ఉంటుంది.

దాక్కున్న 'కంటే' సంగతికి మళ్ళీ వస్తే, ఇంగ్లిషులో దాన్ని కావాలనే దాచే చోట్లు కొన్ని ఉన్నాయి. 'యాన్ ఓల్డ్ మ్యాన్' అంటే ముసలాయన. 'యాన్ ఓల్డర్ మ్యాన్' అంటే అంతకన్నా ముసలి అనుకుంటాం. కాదు, ఆయన వయసు తక్కువే, కాస్త పెద్దాయన, అంతే. పోలికని అడ్డం పెట్టుకుని మాటని సున్నితం చేశారు. హయ్యర్ ఎడ్యుకేషన్ దేని కంటే హయ్యరో ఎవరూ అడగరు, మనం 'ఉన్నత విద్య' అని పోలిక లేకుండానే తెచ్చుకున్నాం. వ్యాపార ప్రకటనలు దీన్ని బాగా వాడుకుంటాయి. 'బెటర్ టేస్ట్', 'బెటర్ క్లీనింగ్' అంటారు. పోయినేడాది తమ సరుకు కంటేనా, పక్క కంపెనీ సరుకు కంటేనా, అసలు ఏమీ వాడకపోవడం కంటేనా? చెప్పరు. 'కంటే' చెప్పితే రుజువు చూపించాలి. మన అనువాదకులకి ఇక్కడ పెద్ద కష్టమొచ్చింది. 'బెటర్' ఉంది, 'కంటే' లేదు, ఏం చెయ్యాలి? అలాంటి చోట్ల 'మెరుగైన' అనే మాట బాగా పనికొచ్చింది. మెరుగైన వైద్యం, మెరుగైన రవాణా, టీవీ9 వాళ్ళ 'మెరుగైన సమాజం కోసం'. మెరుగు అంటే అసలు మెరుపు, నగకి పెట్టే పాలిష్. నగకి మెరుగు పెట్టించినట్టు ఉన్నదాన్నే ఇంకాస్త బాగుచెయ్యడం అనే అర్థం అందులోనే ఉంది కాబట్టి, 'కంటే' లేకపోయినా పోలిక నీడ మిగిలే ఉంటుంది. వార్తల తెలుగు తెచ్చిన మాటల్లో నాకు చాలా ఇష్టమైనది ఇది. 'మెరుగైన వైద్యం కోసం హైదరాబాదుకి తరలించారు' అన్న వాక్యంలో ఇక్కడి ఆస్పత్రి కంటే అని పైకి చెప్పకుండానే చెప్పేశారు.

ఇంటర్ పిల్లలు రాసే బెటర్‌మెంట్ పరీక్ష మాత్రం 'కంటే'ని దాచుకోదు. ముందొచ్చిన మార్కుల కంటే అని అందరికీ తెలుసు. పాసైనవాడే మళ్ళీ రాస్తాడు.

బెటర్ అంటే గుడ్ అని అర్థం కాదన్నది మన సామెతకి ఎప్పుడో తెలుసు: గుడ్డి కన్నా మెల్ల మేలు. మెల్లకన్ను మంచి కన్నని ఆ సామెత అనలేదు. నలభై డిగ్రీల ఎండ నలభై ఆరు డిగ్రీల ఎండ కన్నా నయమే, అయినా ఎండ ఎండే. ఇంగ్లిషులో కూడా 'బెటర్' వినగానే 'గుడ్' అని రాసుకోకూడదు. రెండూ వేర్వేరు ప్రశ్నలకి జవాబులు. గుడ్ అంటే ఎక్కడున్నామో చెప్పడం, బెటర్ అంటే ఎటు జరిగామో చెప్పడం.

జబ్బు విషయంలో మాత్రం ఇంగ్లిషు బెటర్‌కి నిజంగానే రెండు అర్థాలున్నాయి, నిఘంటువులు కూడా విడివిడిగానే ఇస్తాయి. ఒకటి, ముందుకన్నా తేలికగా ఉండడం. రెండోది, పూర్తిగా కోలుకోవడం. బాబాయి చేసుకున్న అర్థం కూడా ఇంగ్లిషులో ఉన్నదేనన్నమాట. గుర్తుపట్టడానికి ముందున్న మాట చూడాలి. 'ఎ లిటిల్ బెటర్', 'మచ్ బెటర్', 'గెటింగ్ బెటర్' అంటే ఇంకా దారిలోనే ఉన్నారు. 'కంప్లీట్లీ బెటర్' అంటే గమ్యం చేరారు. ఏమీ లేకుండా ఒట్టి 'బెటర్' అంటే మా అమ్మలాగా అడగాలి. 'కుడ్‌న్ట్ బి బెటర్' అని వింటే మాత్రం కంగారు పడకండి. 'న్ట్' వినపడగానే మన చెవికి అదేదో చెడ్డ కబురులా తోస్తుంది. ఇంతకంటే బాగుండడం కుదరదని, అంటే దివ్యంగా ఉందని దానర్థం.

తెలుగులో ఉండి ఇంగ్లిషులో లేనిది ఒకటి చెప్పకపోతే నా మనసు ఊరుకోదు: 'ఇంకా నయం.' బండి మీంచి పడి మోచెయ్యి చీరుకుపోయినవాణ్ణి చూసి, 'ఇంకా నయం, తలకి తగల్లేదు' అంటాం. ఇందులో పోలుస్తున్నది జరిగినదాన్ని జరగనిదానితో. ఎదురుగా లేని ఘోరాన్ని ఒక్క క్షణం ఊహించి, దాని పక్కన ఈ గాయాన్ని పెట్టి చూసి, ఊపిరి పీల్చుకుంటాం. ఇదంతా రెండు మాటల్లో. ఇంగ్లిషులోకి తేవాలంటే 'ఇట్ కుడ్ హావ్ బీన్ వర్స్' అని చెడ్డవైపు నుంచి రావాలి. మనం మంచివైపు నుంచి వస్తాం. ఐసీయూ బయట ఆ పదమూడు రోజుల్లో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో. టైముకి తీసుకొచ్చారు ఇంకా నయం, రెండో కిడ్నీ బాగుంది ఇంకా నయం.

పధ్నాలుగో రోజున నాన్న అత్త తెచ్చిన తెల్లపంచె కట్టుకుని ఇంటికొచ్చాడు. ఇస్త్రీ మడతలన్నీ పోయాయి. ఆ రాత్రి డల్లాస్ నుంచి మా చిన్నాన్న కొడుకు ఫోను చేశాడు. 'పెద్దమ్మా, పెదనాన్న బెటరా?' అని అడిగాడు. అమ్మ నాన్న వైపు చూసింది. ఆయన మంచం మీద కూర్చుని పెరుగన్నంలో ఆవకాయ కోసం గొడవ పెడుతున్నాడు.

'కులాసాగా ఉన్నారు నాన్నా' అంది అమ్మ.